హాస్కెట్ వెయ్యని అడుగు

ఓరిన్ హాస్కెట్ తన సొంత ఇంట్లో కూనిరాగం తీయకుండా నడవకూడదు. అది ఆయన భార్య వెర్నా పెట్టిన నియమం. పెట్టి నలభై ఏళ్లయింది. వంటగదిలోకి రావాలన్నా, స్నానాల గదికి పోవాలన్నా ముక్కుతో ఏదో ఒకటి పాడుతూనే కదలాలి. మర్చిపోయి చడీచప్పుడు లేకుండా ఆవిడ వెనక్కొచ్చి నిలబడితే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ఒకసారి ఉడికిన బంగాళాదుంప విసిరింది. ఆయన తప్పుకున్నాడు, అది నా చొక్కాకి తగిలింది.

నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో వదిలేసి, సినిమా స్టూడియోలుండే బర్బాంక్‌లో వాళ్ల గ్యారేజీ వెనక గదిలో అద్దెకి ఉంటున్న రోజులవి. 1997. స్టూడియోలకి సెట్ల చెక్క చేరవేసే లారీ నడిపేవాణ్ని. తెల్లవారుజామున మొదలెడితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేవాణ్ని. ఈ పాట గొడవేంటని మొదటి వారంలోనే అడిగేశాను.

"ఆయన నడక నువ్వు వినలేదుగా కర్టిస్," అంది వెర్నా. "మొగుడి అడుగుల చప్పుడుకి భయపడే ఆడవాళ్లు బోలెడంత మంది ఉంటారు. టిక్కెట్టు కొనుక్కుని మరీ భయపడింది మాత్రం నేనొక్కదాన్నే."

హాస్కెట్ ఉద్యోగం నడవడం. సినిమాలో మనం వినే అడుగులు ఆ నటులవి కావు. షూటింగులో మాటలే పడతాయి. తర్వాత ఒక చీకటి గదిలో ఎవడో ఒకడు తెర చూస్తూ వాళ్ల బదులు నడుస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఎవడో ఒకడు హాస్కెట్. రాణులకి నడిచాడు, పోలీసులకి నడిచాడు, మంచులో పోయేవాళ్ల కోసం తోలు సంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి చేత్తో పిసికాడు. మైకు ఒక్కచోటే ఉంటుంది కాబట్టి ఆయనా ఒక్కచోటే నడవాలి.

"ముప్పై ఒక్క ఏళ్లు నడిచాను, ఒక్క గజం ముందుకి పోలేదు," అన్నాడు నాతో. "నీకు కాలేజీలో జరిగిందే నాకు ఉద్యోగంలో జరిగింది."

ఆ పనిలో రెండే సూత్రాలు. ఒకటి, నటుడి కాళ్లు చూడకూడదు, భుజాలు చూడాలి. కాళ్లు చాలాసార్లు తెరమీద ఉండవు, ఉన్నా మోసం చేస్తాయి. బరువు ఎప్పుడు ఏ కాలిమీదికి మారుతుందో భుజమే చెబుతుంది. రెండు, నడక అయిపోయాక, అవతలి గదిలో రికార్డు చేసే మనిషి "కట్" అనేదాకా కదలకూడదు. చొక్కా చెయ్యి ప్యాంటుకి రాసుకున్నా మైకులో పడుతుంది. ఊపిరి కూడా నోటితో, సన్నగా. ఈ రెండో దాంట్లో హాస్కెట్‌ని మించినవాడు లేడని చెప్పుకునేవారు. ఒకసారి కందిరీగ చెవి వెనక కుడితే "కట్" అనేదాకా ఆగి, అప్పుడు అరిచాడట.

అలాంటివాణ్ని ఊరంతా "ఫోర్టీన్" అని పిలిచేది. ఉత్తరాలిచ్చేవాడు కూడా. ఆ పేరు వింటే ఆయన దవడ బిగుసుకునేది.

ఆ పేరు "ఆదివారం పని" అనే సినిమా వల్ల వచ్చింది. 1956లో వచ్చిన నలుపు తెలుపు బొమ్మ, గంటా పంతొమ్మిది నిమిషాలు. కాలేజీలో నేను చివరిదాకా మేలుకుని చూసిన పాఠం అదొక్కటే. వారమంతా టోపీల దుకాణంలో పనిచేసే ఒక మర్యాదస్థుడు ఆదివారాలు కిరాయికి మనుషుల్ని చంపుతాడు. అతనికి పేరు లేదు, కోపం లేదు, చిన్నప్పటి కష్టాల కథ లేదు. ఎందుకు చంపుతున్నాడో సినిమా చెప్పదు, మనం అడగాలని కూడా అనిపించదు. బయల్దేరే ముందు ప్యాంటు మడత చూసుకుంటాడు. పార్కులో ఎవరి పిల్లదో బంతి దొర్లితే తీసిచ్చి టోపీ ఎత్తుతాడు. మా ప్రొఫెసర్ ఆ సినిమాలో నీడల గురించి గంటన్నర చెప్పాడు. నీడలు బాగానే ఉన్నాయి. నన్ను కుర్చీకి అంటించింది మాత్రం ఐదో రీలు.

ఐదో రీల్లో ఒక ముసలి కోర్టు గుమాస్తా. అద్దె ఇంట్లో పైఅంతస్తులో దాక్కుని ఉంటాడు. బల్ల ముందు కూర్చుని నారింజపండు వలుస్తుంటాడు. కింద వీధి తలుపు తెరుచుకుంటుంది. అక్కణ్నుంచి కెమెరా ఆ ముసలాయన మొహం వదలదు. హంతకుడు కనబడడు. మెట్లెక్కుతున్న అడుగులు మాత్రం వినబడతాయి. సంగీతం లేదు. తొందర లేదు. సాయంత్రం ఇంటికి రొట్టె పట్టుకెళ్లేవాడి నడక. ఒకటి, రెండు, మూడు. పండు తొక్క పొడుగ్గా వేలాడుతూ ఆగిపోతుంది. పదమూడో అడుగు దగ్గర చప్పుడు ఆగుతుంది. నిశ్శబ్దం. ముసలాయన వింటాడు. ఇంకా వింటాడు. వెళ్లిపోయాడనుకుని మళ్లీ తొక్క తియ్యడం మొదలెడతాడు. అప్పుడు ఒక్క అడుగు. తలుపుకి అవతల కాదు, ఇవతల. తలుపు తెరుచుకున్న చప్పుడే లేదు. తెర నల్లబడుతుంది.

అది పద్నాలుగో అడుగు. దాని గురించి పత్రికల్లో పేజీలు పేజీలు రాశారు. అది నేను వెయ్యలేదంటాడు హాస్కెట్.

"పదమూడు వేశాను, నిలబడ్డాను," అనేవాడు. "గస్ 'కట్' అన్నాడు. అప్పుడే కదిలాను. వారం తర్వాత హాల్లో కూర్చుని చూస్తే పద్నాలుగున్నాయి."

రికార్డు చేసిన గస్ ఒప్పుకోలేదు. నువ్వు కదిలావు, అదృష్టం బాగుండి అది బాగా కుదిరింది, నోర్మూసుకుని పేరు తెచ్చుకో అన్నాడు. అందరూ అదే అన్నారు. ఉద్యోగం మానేసిన రోజు ఒక ఇత్తడి పలక మీద బూటు బొమ్మ చెక్కించి, కింద "14" అని వేసి ఇచ్చారు. దాన్ని ఆయన గ్యారేజీలో రంగు డబ్బాల కింద బోర్లా పెట్టాడు. ఒక మనిషి పేరు అతను చెయ్యని పని మీద నిలబడితే, అదీ అతను జన్మలో చెయ్యని తప్పు మీద నిలబడితే, ఎంత మండుతుందో నాకు అర్థమైంది. పొగడ్త కాదు ఆయనకి కావలసింది. నువ్వు కదల్లేదు అని ఒక్కరు నమ్మాలి. గస్ నమ్మకుండానే చచ్చిపోయాడు. వెర్నా కూడా నమ్మేది కాదు.

"నిద్రలో గుర్రంలా తన్నేవాడు, నిలబడి కదల్లేదంటే నమ్మాలా నేను?" అనేది.

"నిద్రలో ఎవడూ నాకు జీతం ఇవ్వట్లేదుగా," అనేవాడు.

ఆ ఏడు మార్చిలో ప్యాట్రిస్ అనే ఆవిడ డోనట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. పాత ఫిల్ములు బాగుచేసే ల్యాబులో పని. "ఆదివారం పని"కి మిగిలినవి మూడు ప్రతులు. మూడింట్లోనూ ఐదో రీలు చప్పుడు పోయింది. మా కాలేజీలో ఉన్న ప్రతి, గోదాములో పైపు పగిలి తడిసిందట, మిగతా రెండూ కుళ్లి వెనిగర్ వాసన కొడుతున్నాయట. టీవీకి ఇచ్చిన కాపీలో ఆ మెట్ల సన్నివేశమే కత్తిరించేశారు. బొమ్మ దక్కింది, అడుగులు పోయాయి.

"మళ్లీ మీరే నడవాలి," అంది ప్యాట్రిస్.

"ఎడం తుంటి మార్చారు నాకు. డెబ్బై ఎనిమిదేళ్లు," అన్నాడు హాస్కెట్.

"హంతకుడు కూడా కుంటితే ఏం పోయింది," అంది వెర్నా డోనట్ తుంచుకుంటూ. "ముసలివాళ్లం అందరం ఊపిరి పీల్చుకుంటాం."

హాస్కెట్ నవ్వలేదు. "నడుస్తాను. పదమూడే నడుస్తాను."

ప్యాట్రిస్ డబ్బా మూత వేసింది. "మిస్టర్ హాస్కెట్, జనం వచ్చేదే పద్నాలుగో దానికోసం."

"అది నాది కాదు. నా చేత వేయిస్తే, నలభై ఏళ్ల కిందట కదిలానని సంతకం పెట్టినట్టే."

"నడిచిన రోజు చూద్దాం," అంది ప్యాట్రిస్. మొండివాళ్లతో పనిచెయ్యడం అలవాటున్న మనిషి.

ఆయన అటక మీంచి అప్పటి బూట్లు దించాడు. ఆ హంతకుడి కోసం చర్చివాళ్ల పాత సామాన్ల కొట్లో ఏరి తెచ్చినవి. ఎవరో చనిపోతే భార్య తెచ్చి ఇచ్చేసినవి. అడుగున తోలు, ఎడం మడమ బయటివైపు అరిగి ఉంది. "చర్చికి వేసుకున్న బూట్లు. మావాడు బయల్దేరేదీ ఆదివారమే కదా," అన్నాడు. అవి ఇంకే పాత్రకీ వాడలేదు. ఒక్కసారి వాడబోయాడు. ఒక కుటుంబ చిత్రంలో తండ్రి పనినుంచి ఇంటికొచ్చే చోట. ఎడిటరు కూతురు ఆ చప్పుడు విని ఏడిస్తే మార్చేశారు.

నడక సాధన ఇంట్లోనే, మేడమీద ఓక్ చెక్కల నేల గదిలో. రోజూ రెండింటినుంచి మూడింటిదాకా. ఆ గంటకి మాత్రం వెర్నా పాట నియమం సడలించింది, ఒక షరతు మీద.

"ఆ గంటా నువ్వు నా దగ్గర వంటగదిలో కూర్చోవాలి," అంది నాతో. "వాడు పైన తిరుగుతుంటే నేను ఒక్కదాన్నే ఉండలేను."

"వాడు కాదు, మీ ఆయన."

"నీకేం తెలుసు."

మొదటి రెండు వారాలూ భయపడడానికేం లేదు. కొత్త తుంటి నడిచేది, పాత కాలు దాని వెనక ఈడ్చుకుపోయేది. వెర్నా నవ్వేది. "వాడు చంపడానికి పోవట్లేదు, వాడే మందుల షాపుకి పోతున్నాడు," అనేది. నేనూ నవ్వేవాణ్ని. పైనుంచి ఆయన నేలమీద దబ్బున తన్నేవాడు.

మూడో వారం ఒకరోజు వెర్నా తీపి వంటకం కోసం ఆపిల్స్ చెక్కు తీస్తోంది. ఎండ కిటికీలోంచి బల్లమీద పడుతోంది. రేడియో నేనే ఆపేశాను. పైన అడుగు పడింది. ఇంకోటి. వెర్నా కత్తి ఆగింది.

నేను వెంటనే గుర్తుపట్టాను. కాలేజీ హాల్లో విన్నదే. తొందర లేని, ఎవరిమీదా పగ లేని ఆ నడక. ఎడం మడమ అరిగిన చోట చిన్న జారుడు. అది మా నెత్తిమీద ఉంది. వెర్నా చేతిలోంచి ఎర్రటి తొక్క పొడుగ్గా వేలాడుతోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. నేనూ పెట్టాను. పదమూడు. ఆగింది.

ఫ్రిజ్ గురగుర వినబడుతోంది. వీధిలో ఎవరో మొక్కలకి నీళ్లు పెడుతున్నారు. చాలాసేపైంది. వెర్నా ఊపిరి వదిలి మళ్లీ కత్తి ఆడించింది.

అప్పుడు పైన ఒక్క అడుగు.

ఆవిడ ఆపిల్ బల్లమీద పెట్టేసింది. "చూశావా. కదిలాడు. నేను చెప్పానా."

నేను కప్పుకేసి చూస్తున్నాను. ఆ పదమూడూ గది మధ్యలోంచి వచ్చాయి, సరిగ్గా మా బల్లకి పైన. ఇది మెట్ల పక్కనుంచి వచ్చింది. గది తలుపు ఉండేది అక్కడ.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. తలుపు తీసే ఉంది. లోపల కాలు పెట్టబోయి ఆగాను. నేలంతా తెల్లగా ఉంది. గుమ్మంనుంచి గది మధ్యదాకా సన్నగా, సమంగా కార్న్‌ఫ్లోర్ జల్లి ఉంది. మధ్యలో చాపంత మేర నల్లటి చెక్క. దానిమీద హాస్కెట్ నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చేతులు శరీరానికి తగలకుండా కొంచెం ఎడంగా. నోరు కొంచెం తెరిచి. కదలట్లేదు. ఆయన "కట్" కోసం చూస్తున్నాడని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"కట్," అన్నాను.

భుజాలు దిగాయి. వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "ఎన్ని?"

"పద్నాలుగు."

"పిండి చూడు."

చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదు. గుమ్మం దగ్గర, చప్పుడు వచ్చిన చోట, వేలితో ముట్టుకుంటే నా వేలి గుర్తే పడింది.

ఈలోపు వెర్నా రెయిలింగు పట్టుకుని ఎక్కి వచ్చింది. నా భుజం మీంచి తొంగి చూసింది. పిండి చూసింది, ఆయన పాదాలు చూసింది, మళ్లీ పిండి చూసింది. ఆవిడకి అర్థమవడం ఆయన ఇటు తిరిగి గమనించాడు. ఆ ముసలి మొహం మీద భయం ఉంటుందనుకున్నాను. లేదు. నలభై ఏళ్ల జైలునుంచి వదిలిపెట్టినవాడిలా ఉన్నాడు.

"నువ్వు కదల్లేదు," అంది వెర్నా.

"కదల్లేదు."

"అయితే ఇన్నేళ్లూ నీ చేత ఊరికే పాడించానన్నమాట."

"పాడించావు."

ఆవిడ గుమ్మం దగ్గర ఖాళీ చోటుకేసి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇకముందూ పాడు. ఇంకొంచెం గట్టిగా పాడు. ఏది నువ్వో, ఏది కాదో నాకు తెలియాలి."

ఆ పిండి నేనే ఊడ్చాను. ఆ గదిలోకి ఆ సాయంత్రం ఆవిడ మళ్లీ రాలేదు. పాత ఇల్లు, చెక్క వేడికి లేస్తుంది, దిగుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెక్క విరుచుకోవడం వేరు, బూటు మోపడం వేరు. లారీలో రోజూ చెక్క మోసేవాణ్ని, ఆ తేడా నాకు తెలుసు.

రికార్డింగుకి నా లారీలోనే తీసుకెళ్లాను. స్టూడియోలో పాత చెక్క పలకలు తెప్పించి వేయించింది ప్యాట్రిస్. తెరమీద ఆ ముసలి గుమాస్తా చప్పుడు లేకుండా నారింజ వలుస్తున్నాడు. చూడ్డానికి భుజాలేవీ లేవు. హాస్కెట్ ఆ ముసలాయన కళ్లు చూస్తూ నడిచాడు. మొదటిసారి కూడా అలాగే నడిచాడట. భయపడేవాడి కళ్లే చంపేవాడికి దారి చెప్పాయన్నమాట. ఒక్క టేకు. పదమూడు. నిలబడ్డాడు.

"బాగుంది," అంది ప్యాట్రిస్ స్పీకర్లోంచి. "ఇప్పుడు పద్నాలుగోది."

ఆయన పలకలేదు. కదల్లేదు.

"ఆయన 'కట్' కోసం చూస్తున్నాడు. చెప్పేదాకా మాట్లాడడు," అన్నాను నేను.

ఆవిడ చెప్పలేదు. రెండు నిమిషాలు టేపు తిరిగింది. ఏమీ రాలేదు. అప్పుడు "కట్" అంది.

"ఆ పదమూడింట్లో ఒకటి కోసి చివర అతికించగలను, తెలుసా?" అంది.

"అతికించుకో. నా పేరు తీసెయ్యి," అన్నాడు హాస్కెట్ బూట్ల తాళ్లు విప్పుతూ.

ముందొకసారి విందాం అని టేపు వేశారు. గదిలో నలుగురం. బొమ్మ, అడుగులు కలిసి నడిచాయి. పదమూడు తర్వాత నిశ్శబ్దం. తెరమీద ముసలాయన మళ్లీ తొక్క తియ్యడం మొదలెట్టాడు. అక్కడ మీటలమీద చేతులు పెట్టుకుని కూర్చున్న, చప్పుళ్లు కలిపే మిక్సింగ్ మనిషి, యాభై ఏళ్లవాడు, ఇలాంటివి వేలు చూసినవాడు, మెల్లగా తల తిప్పి వెనకున్న తలుపుకేసి చూశాడు. తలుపు మూసే ఉంది. అతను చూడడం ప్యాట్రిస్ చూసింది.

తెర నల్లబడింది.

"ఇలాగే వదిలేద్దాం," అంది ఆవిడ.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట వేశారు. పాత థియేటర్, చెక్క నేల, మూడొందల సీట్లూ నిండాయి. సగానికి పైగా ఆ సినిమా ఎప్పుడో చూసినవాళ్లే, పద్నాలుగో దానికోసం వచ్చినవాళ్లే. హాస్కెట్‌కి ఒక పక్క వెర్నా, ఒక పక్క నేను. బయట పాప్‌కార్న్ కొట్టువాడు "ఆల్ ది బెస్ట్, ఫోర్టీన్" అన్నాడు. ఆయన దవడ బిగుసుకుంది.

ఐదో రీలు వచ్చింది. హాల్లో పాప్‌కార్న్ నమలడం ఆగింది. వీధి తలుపు. ఒకటి, రెండు. చుట్టూ పెదాలు కదులుతున్నాయి, లెక్క. పన్నెండు, పదమూడు. నిశ్శబ్దం. మూడొందల మంది ఊపిరి బిగపట్టారు. జీవితంలో ఎన్నడూ మైకు ముందు నిలబడనివాళ్లందరూ ఆ క్షణం హాస్కెట్‌లా కదలకుండా కూర్చున్నారు. ముసలాయన విన్నాడు. ఇంకా విన్నాడు. నారింజ తొక్క తియ్యడం మొదలెట్టాడు.

టేపులో ఏమీ లేదు. ఏమీ లేదని నాకు తెలుసు. తర్వాత ప్యాట్రిస్ ల్యాబులో నాలుగుసార్లు విన్నాను.

వెనక వరసల్లోంచి, ద్వారం పక్కన, చెక్క నేలమీద ఒక్క అడుగు పడింది. తోలు అడుగు. మడమ దగ్గర చిన్న జారుడు.

వెర్నా వేళ్లు హాస్కెట్ ఒడి మీదుగా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాయి. హాలంతా తలలు వెనక్కి తిరిగాయి. ఆయనొక్కడే తిరగలేదు. చేతులు శరీరానికి కొంచెం ఎడంగా, నోరు కొంచెం తెరిచి, నల్లబడిన తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన బూట్లు నేను చూశాను. రెండూ ముందు సీటు కింద, పక్కపక్కన ఉన్నాయి. అవి మెత్తటి రబ్బరువి. ఆ తోలు బూట్లు ఇంట్లో అటకమీద ఉన్నాయి.

సినిమా అయ్యాక దీపాలు వేశారు. చప్పట్లు కొంచెం ఆలస్యంగా మొదలయ్యాయి. వెనక వరసల్లో గొడవగా ఉంది. ఒక లావుపాటాయన లేచి నిలబడి, మొహం ఎర్రబడి, పక్కనున్న భార్యకి చెబుతున్నాడు.

"నేను కాదే. ఒట్టు. నేను కదల్లేదు."

"మరి ఎవరు? నీ వెనక ఎవరూ లేరుగా," అంటోంది ఆవిడ.

"నేను కదల్లేదంటే వినవేం?"

హాస్కెట్ ఆగి ఆ మాట మొత్తం విన్నాడు. తర్వాత ఆ మనిషి దగ్గరికి వెళ్లి, "నువ్వు కదల్లేదు. నాకు తెలుసు," అన్నాడు. ఆ లావుపాటాయన ఈయనెవరో తెలియక బిక్కమొహం వేశాడు.

వెర్నా అప్పటికే ద్వారం వైపు నడుస్తోంది. ఆయన ఆవిడ వెనక బయల్దేరాడు. రెండడుగులు వేశాక గుర్తొచ్చి, ముక్కుతో పాట అందుకున్నాడు. గట్టిగానే. ఆవిడ వెనక్కి తిరగలేదు. తల కొంచెం వంచి, పాటతోపాటు పడుతున్న అడుగులు వింటూ, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎండలోకి వెళ్లింది.